సన్‌స్క్రీన్: ఏది కొనాలి, ఎంత రాయాలి

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు అందరి చూపూ ముందు ట్యూబ్ మీదున్న ఎస్‌పీఎఫ్ నంబర్ మీదకే, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే నంబర్ మీదకే పోతుంది. 30 చాలా, 50 కావాలా, 70 ఉంటే ఇంకా మంచిదా అని లెక్కలేసుకుంటారు. ఆ లెక్కా అవసరమే, దాని సంగతి తర్వాత చూద్దాం. నన్నడిగితే మాత్రం రెండు ట్యూబుల్లో ఏది మేలో తేల్చుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న వేరు: వీటిలో ఏది మీ చేతిలో తొందరగా ఖాళీ అవుతుంది?

ఎందుకంటే ఆ నంబర్ ల్యాబ్‌లో తేలింది. అక్కడ చర్మం మీద ఒక్కో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున తూచి మరీ రాస్తారు. ఆ లెక్కన ఒక్క ముఖానికే గ్రాము పైన కావాలి. మెడ, చెవులు కూడా కలిపితే దాదాపు 2 గ్రాములు. తూకం లేకుండా కొలవాలంటే చూపుడువేలు, మధ్యవేలు చాచి, మొదలు నుంచి కొస దాకా రెండింటి మీదా క్రీమును గీతలా పిండండి. మొదటిసారి అలా పిండితే ‘ఇంత రాయాలా!’ అనిపిస్తుంది. మామూలుగా జనం రాసేది అందులో సగం, కొందరైతే పావు వంతే. సగం రాస్తే 50 అని ఉన్న క్రీము మీ ముఖం మీద 25 లాగానో, అంతకన్నా తక్కువగానో పనిచేస్తుంది. 50 గ్రాముల ట్యూబ్‌ను రోజుకు ఒక్కసారి సరిపడా రాసినా నెల, మహా అయితే నెలన్నరలో అయిపోవాలి. ఆర్నెల్లు వచ్చిందని ఎవరైనా సంతోషంగా చెప్తే, అది ఆదా కాదు, అరకొరగా రాసినట్టు లెక్క.

అందుకే ఎంపికలో నేను మొదటి మార్కులు వేసేది రెండు వేళ్ల నిండా తీసుకుని రాసినా ముఖం జిడ్డోడకుండా, తెల్లగా తేలకుండా, కళ్లు మండకుండా ఉండేదానికి. ఆ పరీక్షలో నెగ్గిన 30, ఓడిపోయిన 50 కన్నా మేలు. ధర విషయంలోనూ అంతే. ఖరీదైనది కొని పొదుపుగా రాసుకోవడం కన్నా, చేతికి వచ్చినంత రాసుకోగలిగే ధరలో ఉన్నది తీసుకోవడం తెలివైన పని.

దీనికి గట్టి ఆధారం కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నాంబూర్ అనే ఊళ్లో 1992 నుంచి 1996 వరకు 1,600 మందికి పైగా జనంతో ఒక పెద్ద ట్రయల్ జరిగింది. ఒక గుంపు వాళ్లను రోజూ పొద్దున్నే తల, మెడ, చేతులకు సన్‌స్క్రీన్ రాయమన్నారు. రెండో గుంపు వాళ్లను ఎప్పట్లా ఇష్టమొచ్చినప్పుడు రాసుకోమన్నారు. రోజూ రాసినవాళ్లలో స్క్వామస్ సెల్ రకం చర్మ క్యాన్సర్లు దాదాపు 40 శాతం తక్కువగా వచ్చాయి. అదే ట్రయల్‌లోని వాళ్ల చేతి వెనక చర్మాన్ని పరిశీలించి, రోజూ రాసినవాళ్లలో చర్మం ముసలితనపు గుర్తులు 24 శాతం తక్కువని 2013లో ప్రచురించారు. ఇంతకీ వాళ్లకిచ్చిన క్రీము ఎస్‌పీఎఫ్ ఎంతనుకున్నారు? సుమారు 15. ఇప్పుడు షెల్ఫులో పక్కకు నెట్టేసే నంబర్ అది. రోజూ రాయడం వల్లే అంత తేడా వచ్చింది.

నంబర్ల లెక్క

ఎస్‌పీఎఫ్ చెప్పేది ముఖ్యంగా ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో ఒక రకమైన యూవీబీ కిరణాల గురించి. ఎండలో చర్మం ఎర్రగా కమిలిపోయేది ప్రధానంగా వీటి వల్లే. సరిపడా రాస్తే ఎస్‌పీఎఫ్ 15 వీటిలో 93 శాతాన్ని, 30 సుమారు 97 శాతాన్ని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. ఇది చూసి ‘ఒక్క శాతం తేడాకే ఇంత హడావుడా’ అనేవాళ్లున్నారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. చర్మానికి చేటు చేసేది ఆగినది కాదు, లోపలికి దిగినది. అటువైపు నుంచి చూడండి: 30 రాస్తే 100లో 3.3 వంతులు దిగుతాయి, 50 రాస్తే 2 వంతులు. అంటే దిగేది మూడో వంతుకు పైగా తగ్గినట్టే. పైగా మనం ఎలాగూ తక్కువే రాస్తాం కాబట్టి ఎక్కువ నంబర్ ఆ తప్పును కొంత కాసుకుంటుంది.

అలాగని 100 కోసం వెతుక్కోనక్కర్లేదు. యూరప్‌లో 50 దాటినవన్నింటినీ ‘50 ప్లస్’ అని మాత్రమే రాయనిస్తారు. పెద్ద నంబర్ చూసి జనం పొద్దంతా ఎండలో ఉండొచ్చన్న ధీమాకు పోకూడదని. రోజులో ఎక్కువ భాగం గదిలో గడిచేవాళ్లకు 30 చాలు. బయట తిరిగే పని ఉన్నవాళ్లకు, ముఖం మీద మచ్చలున్నవాళ్లకు 50. అంతకుమించిన నంబర్ కోసం అదనంగా డబ్బు పెట్టమని నేను చెప్పను.

ఇంకో అపోహ ఉంది. ‘మామూలుగా 10 నిమిషాల్లో కమిలే చర్మం ఎస్‌పీఎఫ్ 30 రాస్తే 300 నిమిషాలు ఆగుతుంది’ అని గడియారం లెక్క చెప్తుంటారు. ఎండ పొద్దున ఒకలా, మిట్టమధ్యాహ్నం ఒకలా ఉంటుంది. మధ్యలో చెమట పడుతుంది, రుమాలుతో తుడుచుకుంటాం, రాసిన పొర చెదిరిపోతుంది. గడియారం లెక్కను నమ్మి ఎండలో కూర్చుంటే చర్మం కమలడం ఖాయం.

నంబర్ చెప్పని సగం

భూమిని చేరే అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 95 శాతం యూవీఏ అనే రెండో రకం. అది చర్మంలోకి లోతుగా దిగుతుంది. ముడతలకు, నల్లబడటానికి, మచ్చలు ముదరడానికి దాని వంతు పెద్దది. ఎస్‌పీఎఫ్ నంబర్‌ను బట్టి దాన్ని ఎంత ఆపుతుందో తెలియదు. మామూలు కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది కానీ యూవీఏని పెద్దగా ఆపదు. కిటికీ పక్కన కూర్చుని పనిచేసేవాళ్లూ, పగలంతా బండి నడిపేవాళ్లూ ‘నేను ఎండలోకే వెళ్లను’ అనుకోవడానికి లేదన్నమాట.

కాబట్టి ట్యూబ్‌ను తిప్పి వెనక చదవండి. ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అని ఉండాలి, అంటే యూవీఏ, యూవీబీ రెండింటినీ ఆపేదని. యూరప్ తయారీ అయితే ఒక చిన్న గుండ్రటి గీతలో ‘యూవీఏ’ అని ఉంటుంది. అందులోని యూవీఏ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని ఆ గుర్తుకు అర్థం. జపాన్‌లో 1996లో మొదలైన, యూవీఏ రక్షణను చెప్పే పీఏ పద్ధతిలో ప్లస్ గుర్తులు పెడతారు. ఒక ప్లస్ అంటే కొద్దిపాటి రక్షణ, మూడు ప్లస్‌లంటే బాగా ఎక్కువ, 2013లో చేర్చిన నాలుగో ప్లస్ అన్నిటికన్నా పైది. మూడు ప్లస్‌లకు తగ్గితే నేనైతే పక్కన పెట్టేస్తాను. ఎస్‌పీఎఫ్ 60 రాసి యూవీఏ ఊసే ఎత్తని ట్యూబ్ కన్నా ఎస్‌పీఎఫ్ 30, నాలుగు ప్లస్‌లున్న ట్యూబ్ చామనఛాయ వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. కమిలిపోవడం కన్నా నల్లబడటం, మచ్చలు పడటమే వాళ్లకు పెద్ద బెడద కదా.

మినరలా, కెమికలా?

ఎక్కువ వాదన నడిచేది ఇక్కడే. మినరల్ అంటే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. కిరణాలను ఆపే మిగతా పదార్థాలన్నింటినీ, అంటే మిగతా ఫిల్టర్లన్నింటినీ కలిపి కెమికల్ అంటున్నారు. మినరల్ రకం అద్దంలా కిరణాలను వెనక్కి కొడుతుందనీ, కెమికల్ రకం పీల్చుకుంటుందనీ చాలాచోట్ల చదివే ఉంటారు. నిజానికి జింక్, టైటానియం కూడా చేసే పని చాలావరకు పీల్చుకోవడమే. చెదరగొట్టేది కొద్ది శాతమే. కాబట్టి ఏది ‘అడ్డుగోడ’, ఏది ‘స్పాంజి’ అన్న వర్ణనల మీద ఎంపిక చేయకండి.

అసలు తేడాలు వేరే ఉన్నాయి. మినరల్ రకం చర్మాన్ని పెద్దగా చికాకు పెట్టదు. ఎలర్జీలు, ఎగ్జిమా, ముఖం ఎర్రబారే రొజేషియా ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు అదే మంచిది. కళ్ల చుట్టూ రాసుకోవడానికీ బాగుంటుంది. జింక్ ఒక్కటే యూవీబీ నుంచి యూవీఏ చివరిదాకా చాలావరకు కాస్తుంది. టైటానియం ఒంటరిగా ఉంటే యూవీఏలో పొడవాటి కిరణాల దగ్గర కొంచెం బలహీనం. అందుకని పదార్థాల జాబితాలో జింక్ ఉందో లేదో చూడండి. ఇక లోపం అందరికీ తెలిసిందే. రెండు వేళ్ల నిండా తీసి రాస్తే చామనఛాయ ముఖం బూడిద పూసినట్టు తయారవుతుంది. నలుపు రంగు వాళ్లకు మరీ కష్టం, బూడిద కాస్తా ఊదా రంగులోకి తిరుగుతుంది. అప్పుడేం చేస్తారు? తక్కువ రాస్తారు. మళ్లీ మొదటికొస్తుంది.

కెమికల్ రకం పల్చగా పరుచుకుంటుంది, రంగు కనిపించదు, కాబట్టి సరిపడా రాయడం తేలిక. వీటిలో పాతకాలపు యూవీఏ ఫిల్టర్ ఎవోబెంజోన్. పనితనం మంచిదే, కానీ ఎండకు అదే విరిగిపోయే గుణం ఉంది. పక్కన ఆక్టోక్రిలిన్ లాంటిది తోడుంటే నిలబడుతుంది, ఆక్టినాక్సేట్ తోడుంటే ఇంకా త్వరగా చెడుతుంది. జాబితాలో ఈ పేర్లు వెతకడం విసుగు పుట్టించే పనే అయినా ఒక్కసారి చూస్తే చాలు. యూరప్, ఆసియా, ఆస్ట్రేలియాల్లో ఏళ్లుగా వాడుతున్న బెమోట్రిజినాల్ లాంటి కొత్త ఫిల్టర్లు ఎండకు నిలుస్తాయి, రెండు రకాల కిరణాలనూ కాస్తాయి. ఇవి ఉన్నది దొరికితే నా ఓటు దానికే.

మరి రక్తంలోకి వెళ్తాయట కదా? అవును, కొన్ని కెమికల్ ఫిల్టర్లు చర్మం గుండా రక్తంలోకి చేరుతున్నట్టు 2019, 2020 సంవత్సరాల్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చేసిన అధ్యయనాల్లో తేలింది. చేరినంత మాత్రాన హాని చేస్తున్నాయని కాదు, ఇంకా సమాచారం కావాలి అని ఆ సంస్థే చెప్పింది, వాడకం ఆపమనలేదు. జింక్, టైటానియంల విషయంలో మాత్రం భద్రతకు ఉన్న సమాచారం చాలంది. మనసులో ఆ టెన్షన్ పెట్టుకుని రాయడం మానేసే బదులు జింక్ ఉన్నది కొనుక్కోవడం నయం. గర్భిణులకూ చాలామంది డాక్టర్లు చెప్పేది అదే. సముద్రంలో ఈదేవాళ్లు ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే కెమికల్ ఫిల్టర్లు లేనివి చూసుకోవాలి. పగడపు దిబ్బలకు చేటని పలావు దేశం 2020 నుంచి, హవాయి రాష్ట్రం 2021 నుంచి వీటి మీద ఆంక్షలు పెట్టాయి.

మంగు మచ్చలున్నవాళ్లకు పై రెండూ కాదు, మూడో దారి ఉంది: రంగు కలిపిన, అంటే టింటెడ్ సన్‌స్క్రీన్. కంటికి కనిపించే వెలుతురు కూడా, ముఖ్యంగా నీలి వెలుతురు, చామనఛాయ చర్మంలో మచ్చలను ముదురుస్తుంది. మామూలు సన్‌స్క్రీన్లు దాన్ని దాదాపుగా ఆపలేవు. టింట్‌లో కలిపే ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. పైగా ఆ రంగు జింక్ తెలుపును కప్పేస్తుంది. మచ్చలకు ఖరీదైన సీరమ్‌లు వాడుతూ, పగలు మాత్రం ఏ టింటూ లేని క్రీముతో సరిపెట్టేవాళ్లను చూస్తే చిల్లు కుండలో నీళ్లు పోస్తున్నట్టే అనిపిస్తుంది. మీ ఛాయకు దగ్గరగా ఉండే షేడ్ దొరకడమే ఇందులో కష్టం. దవడ దగ్గర రాసి, పగటి వెలుతురులో చూసుకుని కొనండి.

క్రీము, జెల్, స్టిక్, స్ప్రే

పొడి చర్మానికి క్రీము బాగుంటుంది, మాయిశ్చరైజర్ ఖర్చూ కలిసొస్తుంది. జిడ్డు చర్మానికి, మొటిమలున్నవాళ్లకు జెల్ గానీ నీళ్లలా పల్చగా ఉండే ఫ్లూయిడ్ గానీ తీసుకోండి. ‘నాన్ కామెడోజెనిక్’ (చర్మ రంధ్రాలను మూసేయనిది) అని ఉంటే మంచిదే కానీ అది హామీ కాదు. కొన్ని జెల్స్‌లో ఆల్కహాల్ ఎక్కువగా ఉంటుంది, చర్మం పగిలి ఉంటే భగ్గుమంటుంది. గడ్డం, ఛాతీ మీద వెంట్రుకలున్నవాళ్లకు క్రీము ముద్దలు కడుతుంది, అక్కడ జెల్ నయం.

స్టిక్ సంచీలో వేసుకుని తిరగడానికి, కళ్ల కింద, చెవుల మీద, ముక్కు మీద మళ్లీ రాసుకోవడానికి సుఖం. ఒక్కసారి రుద్దితే సరిపోదు, ఒకేచోట మూడు నాలుగు సార్లు పోవాలి. స్ప్రేతో వచ్చిన చిక్కేమిటంటే ఎంత పడిందో తెలియదు, గాలికి సగం ఎగిరిపోతుంది, మిగిలింది ముక్కులోకి పోతుంది. వాడితే చేతిలోకి కొట్టుకుని ముఖానికి రాయండి, ఒంటి మీద కొట్టినా తడి మెరిసేదాకా కొట్టి చేత్తో పరచండి. పిల్లల ముఖం మీద నేరుగా కొట్టొద్దు. పౌడర్ సన్‌స్క్రీన్ మేకప్ పైన మెరుపు తగ్గించడానికి పనికొస్తుందేమో గానీ, ఎండకు దాన్నే నమ్ముకోకండి. ఫౌండేషన్‌లో ఉన్న ఎస్‌పీఎఫ్‌దీ అదే కథ. ఆ నంబర్ దక్కాలంటే ముఖానికి గ్రాము పైన ఫౌండేషన్ పట్టించాలి, ఎవరు రాస్తారు? కింద 30, పైన 20 వేస్తే 50 అయిపోదు కూడా.

మీద పెట్టేటప్పుడు

మాయిశ్చరైజర్ ముందు, అది ఇంకాక సన్‌స్క్రీన్, పైన మేకప్. సన్‌స్క్రీన్‌ను మాయిశ్చరైజర్‌తో గానీ ఫౌండేషన్‌తో గానీ అరచేతిలో కలిపేస్తే అది పల్చబడిపోతుంది, పొర సరిగ్గా పరుచుకోదు. కొన్నిసార్లు రాస్తుంటే చిన్న చిన్న ఉండలు కట్టి రాలిపోతుంటుంది. కింద వేసింది ఎక్కువైనా, అది ఆరకముందే రుద్దినా అలా అవుతుంది. రెండు వేళ్ల క్రీమును ఒకేసారి పూయకుండా, ఒక వేలిది రాసి, నిమిషం ఆగి, రెండో వేలిది అద్దితే ఈ గొడవ చాలావరకు ఉండదు. బయటికి వెళ్లే 15 నిమిషాల ముందు రాస్తే పొర కుదురుకుంటుంది. చెవులు, మెడ వెనక, పెదాలు, అరచేతి వెనక, చెప్పులేసుకునేవాళ్లకు పాదాల మీద, పాపిడి దగ్గర... అందరూ మర్చిపోయేది ఇవే.

బయట ఉంటే రెండు గంటలకోసారి, ఈదినా బాగా చెమట పట్టినా తుడుచుకున్నా వెంటనే మళ్లీ రాయాలి. పొద్దున రాసుకుని కిటికీకి దూరంగా గదిలో ఉండిపోయినవాళ్లు రెండు గంటలకోసారి ముఖం కడిగి రాయనక్కర్లేదు. సాయంత్రం మళ్లీ ఎండలోకి వెళ్లేముందు ఒకసారి చాలు. ‘వాటర్ రెసిస్టెంట్’ అంటే అమెరికా లెక్కలో నీళ్లలో 40 నిమిషాలో 80 నిమిషాలో ఆగుతుందని, లేబుల్ మీద ఏదో ఒకటి రాసే ఉంటుంది. ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాటను అక్కడ 2011 నిబంధనలతోనే తీసేయించారు. ఎక్కడైనా కనిపిస్తే ఆ కంపెనీ మాటలను కాస్త అనుమానంగా చదవండి.

ఏ రోజు రాయాలి? ఎండలో యూవీ తీవ్రతను చెప్పే యూవీ ఇండెక్స్ 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే జాగ్రత్త పడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఫోన్‌లో వాతావరణం చూపించే చోటే అదీ కనిపిస్తుంది. లేదంటే నేల మీద మీ నీడ చూడండి, మీకన్నా పొట్టిగా ఉంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టే. పల్చటి మబ్బు పెద్దగా అడ్డుకోదు. 1,000 మీటర్లు ఎత్తుకు ఎక్కితే యూవీ 10 శాతం దాకా పెరుగుతుంది. మంచు మీద పడి తిరిగొచ్చేది మరీ ఎక్కువ.

ఆర్నెల్ల లోపు పసిపిల్లలకు ఇవేవీ కాదు. నీడ, టోపీ, ఒళ్లంతా కప్పే పల్చటి బట్టలు, అంతే. పెద్దవాళ్లకైనా గంటలకొద్దీ ఎండలో పని ఉంటే నేను ముందు బట్టలకే ఓటేస్తాను. యూపీఎఫ్ (బట్టలకు ఎస్‌పీఎఫ్ లాంటి నంబర్) 50 ఉన్న గుడ్డ యాభైలో ఒక వంతు కిరణాలనే లోపలికి రానిస్తుంది, చెమటకు కారదు, రెండు గంటలకోసారి మార్చనక్కర్లేదు. మిగిలిన ముఖం, చేతులకు సన్‌స్క్రీన్. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ లాంటి మందులు వాడుతున్నవాళ్లకు చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, రాత్రిళ్లు రెటినాయిడ్ రాసేవాళ్లకూ అంతే. వాళ్లు బట్టలు, సన్‌స్క్రీన్ రెండిట్లో ఏదీ వదలకూడదు. మచ్చ రంగు మారుతున్నా, అంచులు పెరుగుతున్నా, పుండు మానకపోయినా క్రీములు మారుస్తూ కూర్చోకుండా చర్మ డాక్టరుకు చూపించాలి.

ట్యూబ్‌ను ఎండలో ఆపిన కారులో వదిలేయకండి, ఆ వేడికి ఫిల్టర్లు చెడతాయి. పిండితే నీళ్లు ఒకపక్క, ముద్ద ఒకపక్క వచ్చినా, వాసన మారినా తేదీతో పనిలేకుండా పారేయండి. వెనక మూత తీసిన డబ్బా బొమ్మలో ‘12 ఎం’ అని ఉంటే తెరిచాక 12 నెలలని అర్థం. బట్టల విషయం ఒకటి మిగిలింది. ఎవోబెంజోన్ ఉన్న క్రీము తెల్ల చొక్కా కాలరుకు అంటి, ఇనుము ఎక్కువున్న నీళ్లలో ఉతికితే తుప్పు రంగు మరకలవుతాయి. బ్లీచ్ వేస్తే ఇంకా ముదురుతాయి. క్రీము పూర్తిగా ఆరాక చొక్కా వేసుకోవడం, అప్పటికీ మరక పడితే ఉతికే ముందు కాలరుకు గిన్నెలు తోమే లిక్విడ్ రాసి కాసేపు ఉంచడం కొంతవరకు పనిచేస్తాయి. జింక్‌దైతే నల్ల బట్టల మీద తెల్లగా అంటుతుంది, ఉతికితే పోతుంది.